లినక్స్ కంప్యూటర్‌లో పాటలు బాగానే వినిపిస్తున్నాయి, ఆటల శబ్దమే రావడం లేదు

కోటగట్టు (విజయనగరం)

అందరికీ నమస్కారం. మా అన్నయ్య హైదరాబాద్ వెళ్లేటప్పుడు తన డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను నాకు వదిలి వెళ్లాడు. అందులో లినక్స్ మింట్ 22 ఉంది. గ్రాఫిక్స్ కార్డు ఏఎండీది. మానిటర్ ఆ కార్డుకు హెచ్‌డీఎంఐ తీగతో కలిసి ఉంది. మానిటర్‌కు సొంత స్పీకర్లు లేవు కనుక, రెండు చిన్న స్పీకర్లను క్యాబినెట్ వెనుక ఉన్న పచ్చ జాక్‌కు తగిలించి వాడుతున్నాను. బ్రౌజర్‌లో పాటలూ వీడియోలూ ఏ లోపమూ లేకుండా వినిపిస్తాయి. ఇబ్బంది అంతా ఆటలతోనే.

కారు పందాల ఆట సూపర్‌టక్స్‌కార్ట్ తెరపై చక్కగా నడుస్తుంది గాని, ఇంజిను చప్పుడు గాని, వెనుక వచ్చే సంగీతం గాని ఒక్కటీ వినిపించదు. ఆట సెట్టింగులలో రెండూ ఆన్‌లోనే ఉన్నాయి. దసరా సెలవులకు, ఆ తరువాతి మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి అన్నయ్య కుటుంబం వచ్చినప్పుడు, మా మేనల్లుడు ఇదే ఆటను నాలుగు రోజుల పాటు శబ్దంతో సహా ఆడాడు. వాళ్లు వెళ్లిన తరువాత నుంచే మూగబోయింది.

రెండో ఆట స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల అంగడిలో కొన్నది, యుద్ధవిమానాలది. విండోస్ కోసం తయారైనది కావడంతో ప్రోటాన్ ద్వారా నడుస్తుంది. ఇందులో శబ్దం వస్తుంది. మెనూలో ఉన్నంతసేపు ఏ తేడా తెలియదు. కానీ నాలుగైదు విమానాలు ఒకేసారి తెరపైకి వచ్చేసరికి, మంగలంలో పేలాలు వేగుతున్నట్టు చిటపటలాడి, మాటలు కూడా ముక్కలు ముక్కలుగా వినిపిస్తాయి.

ఇవి కాక, ముందున్న జాక్‌కు ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే, ఆట నడుస్తున్నా నడవకపోయినా సన్నగా జుమ్మనే శబ్దం ఎప్పుడూ ఉంటుంది. ఇది కూడా పై రెండింటితో సంబంధం ఉన్నదో కాదో నాకు తెలియదు.

ఇప్పటికి మింట్‌ను రెండుసార్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఫొటోలు పోకూడదని హోమ్ విభాగాన్ని మాత్రం చెరపకుండా అలాగే ఉంచాను. రెండుసార్లూ ఫలితం ఒక్కటే. ఆటను సుడోతో, అంటే సర్వాధికారాలు ఉన్న రూట్ పేరు మీద, నడిపి చూడమని ఒకరు చెప్పారు. ఇంకా చేయలేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పగలరు.

పాతమదర్‌బోర్డు

మీ బాధ నాకు తెలిసినదే. ప్రోగ్రాముల శబ్దాన్ని స్పీకర్లకు చేర్చే ఈ పైప్‌వైర్ అనేది వచ్చినప్పటి నుంచీ ఇలాంటి ఫిర్యాదులు చూస్తూనే ఉన్నాను. మింట్ 21 వరకు ఆ పనికి పల్స్ఆడియో ఉండేది, దానితో నాకు ఏ రోజూ ఇబ్బంది రాలేదు. 2024లో వచ్చిన మింట్ 22తోనే పైప్‌వైర్‌కు మార్చారు. దాన్ని తీసివేసి పల్స్ఆడియోను తిరిగి పెట్టుకోండి, లేదా మింట్ 21కే వెళ్లిపోండి. రెండు ఆటలూ బాగుపడతాయని నా నమ్మకం.

నాగావళి ఒడ్డు (ఆమదాలవలస)

కోటగట్టు గారూ, దయచేసి ఇంకా ఏదీ తీసివేయకండి. పాతమదర్‌బోర్డు గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను: మీరు రెండుసార్లు ఇన్‌స్టాల్ చేసినా తేడా రాలేదంటే, లోపం సిస్టమ్ ప్యాకేజీలలో లేదనే అర్థం. మీరు చెరపకుండా ఉంచినది హోమ్ విభాగం ఒక్కటే, మీ సొంత సెట్టింగులు ఉండేదీ అక్కడే. అనుమానం ముందుగా అక్కడికే వెళ్లాలి. సుడోతో ఆటను నడపమన్న సలహాను కూడా పక్కన పెట్టండి. ధ్వని సర్వర్ లాగిన్ అయిన మీ పేరు మీద నడుస్తుంది. ఆటను రూట్ పేరు మీద నడిపితే అది మీ సర్వర్‌ను అందుకోలేకపోవచ్చు, పైగా మీ ఫోల్డర్లలో రూట్ యాజమాన్యంతో కొత్త ఫైళ్లు పుట్టి వేరే తలనొప్పి మొదలవుతుంది.

మాకు నారాయణపురం ఆనకట్ట కాలువ కింద కొద్దిగా పొలం ఉంది. చివరి మడికి నీరు అందకపోతే ఆనకట్టను ఎవరూ తవ్వరు. గట్టు వెంట పైకి నడుస్తూ, ఏ మదుము దగ్గర నీరు ఆగిందో, ఎవరి బోదెలోకి మళ్లిందో చూసుకుంటూ వెళ్తారు. లినక్స్‌లో శబ్దం కూడా అలాగే మెట్లు మెట్లుగా దిగి వస్తుంది. ఆట తన శబ్దాన్ని ఓపెన్‌ఏఎల్ లాంటి ఒక లైబ్రరీకి ఇస్తుంది. ప్రోటాన్ ఆటలయితే దాని లోపల ఉండే వైన్‌కు ఇస్తాయి. ఆ లైబ్రరీ దానిని ధ్వని సర్వర్‌కు, అంటే మీ యంత్రంలో పైప్‌వైర్‌కు అందిస్తుంది. అన్ని ప్రోగ్రాముల శబ్దాలనూ కలిపి ఏ పరికరానికి పంపాలో నిర్ణయించేది ఆ సర్వర్, దాని పక్కన కూర్చున్న వైర్‌ప్లంబర్. ఆ కింద కెర్నెల్‌లో ఉన్న ఆల్సా డ్రైవరు కార్డుతో మాట్లాడుతుంది. కార్డు తరువాత జాక్, తీగ, స్పీకరు. బ్రౌజర్ శబ్దం స్పీకర్లలో వినిపిస్తున్నది కనుక, సర్వర్ నుంచి స్పీకరు వరకు కాలువ తెరిచే ఉందని మీరే నిరూపించారు. ఆగిన చోటు దానికి పైన ఉంది, లేదా నీరు పక్క బోదెలోకి పోతోంది.

పల్స్ఆడియో మీద వ్యామోహం అక్కరలేదు. 2004లో మొదలైన ఆ ప్రాజెక్టును కొన్ని డిస్ట్రిబ్యూషన్లు తొలిరోజుల్లో స్వీకరించినప్పుడు కూడా సరిగ్గా ఇవే తిట్లు పడ్డాయి. దాన్ని తీసేసి నేరుగా ఆల్సాకు వెళ్లమన్న సలహాలు ఆనాటి చర్చల నిండా ఉన్నాయి. ఇప్పుడు పైప్‌వైర్ తానే పల్స్ఆడియోలా నటిస్తుంది. టెర్మినల్‌లో ప్యాక్‌టీఎల్ ఇన్ఫో అని అడిగితే, సర్వర్ పేరు దగ్గర పల్స్ఆడియో అనీ, దాని పక్కనే కుండలీకరణాలలో పైప్‌వైర్ మీద అనీ చూపిస్తుంది. పాత ఆటలు తమకు అలవాటైన పల్స్ఆడియోతోనే మాట్లాడుతున్నామని అనుకుంటాయి. కనుక వెనక్కు వెళ్లడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

ఆదేశాల పేర్లను నేను ఇక్కడ పలికినట్టుగా రాస్తున్నాను. మీరు టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాలతోనే కొట్టాలి.

సూపర్‌టక్స్‌కార్ట్ కోసం పల్స్ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అనే ప్రోగ్రామును సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి తెచ్చుకోండి. ప్యాకేజీ పేరు పావుకంట్రోల్. ఆటను కిటికీలో నడుపుతూ, పక్కన దీనిని తెరిచి, ప్లేబ్యాక్ అనే మొదటి ట్యాబ్ చూడండి. మూడు సంగతులలో ఒకటి కనిపిస్తుంది. ఆట పేరుతో వరుసే లేకపోతే, ఆట అసలు సర్వర్‌ను అందుకోలేదు. ఆ స్థితిలో 32-బిట్ లైబ్రరీల సంగతి చూడాలి. పాత స్టీమ్ ఆటలలో చాలా వరకు 32-బిట్‌వే. 2019లో, మింట్‌కు ఆధారమైన ఉబుంటు వారు 19.10 నుంచి 32-బిట్ ప్యాకేజీలను ఆపేస్తామని ప్రకటించి, స్టీమ్, వైన్ వాడేవారు గగ్గోలు పెట్టాక కొన్నింటిని కొనసాగిస్తామని వెనక్కు తగ్గింది ఇందుకే. వరుస ఉండి, దాని కింద సన్నని గీత శబ్దానికి తగినట్టు ఊగుతూ ఉంటే, ఆట తన పని తాను చేస్తున్నట్టే. అప్పుడు ఆ వరుసకు కుడివైపున ఏ పరికరం పేరు ఉందో చదవండి. వరుస ఉండి గీత కదలకపోతే, ఆటలోనే ఏదో మూసుకుని ఉంది.

అదే వరుసలో స్పీకరు బొమ్మ నొక్కి ఉండి, శబ్దం మ్యూట్ అయిందేమో కూడా చూడండి. ఒక్కో ప్రోగ్రాముకు విడిగా పెట్టిన స్థాయినీ, మ్యూట్‌నూ, పరికరాన్నీ వైర్‌ప్లంబర్ గుర్తుపెట్టుకుంటుంది. గుర్తుపెట్టుకోవడం దాని గుణమే గాని, మనం మరచిపోయిన దాన్ని కూడా అది మరచిపోదు.

కోటగట్టు

నాగావళి గారికి ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే చేశాను. ఆట పేరుతో వరుస ఉంది. గీత ఊగుతోంది, కారు గోడకు గుద్దినప్పుడల్లా కుడి చివర దాకా పోతోంది. పరికరం పేరు చూస్తే హెచ్‌డీఎంఐ అని ఉంది. బ్రౌజర్ వరుసకు మాత్రం బిల్ట్-ఇన్ ఆడియో అనలాగ్ స్టీరియో అని ఉంది.

అప్పుడు గుర్తుకు వచ్చింది. సిరిమాను రోజుల్లో పిల్లవాడు పెద్ద తెర కావాలంటే, అన్నయ్య మానిటర్ తీగను పీకి హాలులోని టీవీకి పెట్టాడు. శబ్దం టీవీలో రాకపోతే ఇదే ప్రోగ్రాము తెరిచి ఏదో మార్చాడు. వెళ్లేముందు తీగను తిరిగి మానిటర్‌కు పెట్టాడు గాని, మార్చిన దాన్ని అలాగే వదిలేశాడు. మానిటర్‌కు స్పీకర్లు లేవు కదా అని మీరు అనవచ్చు. దాని వెనుక, హెచ్‌డీఎంఐ రంధ్రం పక్కన, దుమ్ము పట్టిన చిన్న ఇయర్‌ఫోన్ రంధ్రం ఒకటి ఉంది. చేత్తో తడుముకుంటూ అందులో ఇయర్‌ఫోన్ గుచ్చితే, ఇన్నాళ్లూ పోయిందనుకున్న సంగీతం అంతా అక్కడ హాయిగా మోగుతోంది. నాకు నవ్వు ఆగలేదు.

కుడివైపు పేరు మీద నొక్కి అనలాగ్ స్టీరియోకు మార్చాను. ఆటను మూసి తెరిచినా అలాగే నిలిచింది. ఇక విమానాల ఆట మిగిలింది. దాని వరుస సరైన పరికరానికే పోతోంది, చిటపట మాత్రం యథాతథంగా ఉంది.

ధ్వనిమాపకం (బొబ్బిలి)

చిటపటకు కారణం వేరుగా ఉంటుంది కనుక దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

పైప్‌వైర్ శబ్దాన్ని ధారగా కాక చిన్న చిన్న ముంతలుగా కార్డుకు అందిస్తుంది. ఒక ముంతలో పట్టే శాంపిళ్ల, అంటే శబ్దపు కొలతల, సంఖ్యను క్వాంటమ్ అంటారు. సాధారణంగా అది 1024, వేగం సెకనుకు 48,000 శాంపిళ్లు. భాగిస్తే ఒక ముంత దాదాపు 21 మిల్లీసెకన్లకు సరిపోతుంది. కార్డు ఒక ముంతను ఖాళీ చేసేలోగా ప్రాసెసర్ తరువాతి ముంతను నింపి పెట్టాలి. నింపలేకపోతే మధ్యలో ఖాళీ పడుతుంది. మన చెవికి అదే చిటుక్కుమంటుంది. దీనిని ఎక్స్‌రన్ అంటారు. క్వాంటమ్‌ను 256కు తగ్గిస్తే గడువు 5 మిల్లీసెకన్ల చిల్లరకు, 64కు తగ్గిస్తే 1.3 మిల్లీసెకన్లకు పడిపోతుంది. బ్రౌజర్‌లో పాట వినేటప్పుడు ప్రాసెసర్ ఖాళీగానే ఉంటుంది కనుక ఆ గడువును కూడా అందుకుంటుంది. నాలుగు విమానాలను గీస్తూ, వాటి పొగను లెక్కవేస్తూ ఉన్నప్పుడు అందుకోలేదు. మీరు చెప్పిన లక్షణం దీనికి అచ్చుగుద్దినట్టు సరిపోతోంది.

ఊహించనక్కరలేదు, చూడవచ్చు. ఆట నడుస్తుండగా టెర్మినల్‌లో పీడబ్ల్యూ-టాప్ అనే ఆదేశం ఇవ్వండి. ఒక పట్టిక వస్తుంది. అందులో క్వాంట్ అనే నిలువు వరుసలో మీ కార్డు ఎదురుగా ఉన్న సంఖ్యనూ, ఈఆర్ఆర్ అనే వరుసలో ఉన్న సంఖ్యనూ రాసుకోండి. చిటపట వచ్చినప్పుడల్లా ఈఆర్ఆర్ పెరుగుతూ ఉంటే ఇదే జబ్బు.

దాని తరువాత తాత్కాలికంగా ఒక పరీక్ష. పీడబ్ల్యూ-మెటాడేటా, ఖాళీ, మైనస్ ఎన్, ఖాళీ, సెట్టింగ్స్, ఖాళీ, సున్న, ఖాళీ, క్లాక్ చుక్క ఫోర్స్-క్వాంటమ్, ఖాళీ, 1024 అని కొట్టండి. ఆట నడుస్తుండగానే ఫలితం తెలుస్తుంది. పరీక్ష అయ్యాక 1024 స్థానంలో సున్న పెట్టి అదే ఆదేశాన్ని మళ్లీ ఇస్తే యథాస్థితికి వస్తుంది. కంప్యూటర్ తిరిగి మొదలైనా పోతుంది, కనుక భయపడనక్కరలేదు.

చాలామంది చెప్పే చిట్కా మరొకటి ఉంది. స్టీమ్‌లో ఆట మీద కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లో లాంచ్ ఆప్షన్స్ గడిలో, పల్స్, లేటెన్సీ, ఎంసెక్ అనే మూడు మాటలను పెద్ద అక్షరాలలో అండర్‌స్కోర్‌లతో కలిపి రాసి, సమానం గుర్తు, 60, ఒక ఖాళీ, ఆపైన రెండు శాతం గుర్తుల మధ్య చిన్న అక్షరాలలో కమాండ్ అని రాస్తారు. దీనితో ఆ ఆట తన వంతుగా 60 మిల్లీసెకన్ల నిల్వను కోరుతుంది. సాధారణ యంత్రంలో ఇది చాలాసార్లు పనిచేస్తుంది. కానీ సర్వర్ క్వాంటమ్‌నే ఎవరైనా బిగించి ఉంటే సగం మేలే చేస్తుంది. అందుకే ముందు పట్టిక చూడమంటున్నాను.

పలాస జీడిపప్పు

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నా సమస్య దగ్గరిదే కనుక ఇక్కడే అడుగుతున్నాను. ల్యాప్‌టాప్‌లో ఫెడోరా 41 అనే మరో లినక్స్ ఉంది. బ్లూటూత్ హెడ్‌సెట్‌తో ఒంటరిగా ఆడే ఆటలలో శబ్దం అద్భుతంగా ఉంటుంది. స్నేహితులతో మాట్లాడుకుంటూ ఆడే ఆటలో చేరిన మరుక్షణం మొత్తం శబ్దం పాత ల్యాండ్‌లైన్ ఫోనులో విన్నట్టు అయిపోతుంది. ఆటనుంచి బయటికి వస్తే మళ్లీ మామూలే. ఇదీ ముంతల సమస్యేనా?

ధ్వనిమాపకం

కాదండీ. మీది బ్లూటూత్ స్వభావం. మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్ రెండు వేషాలు వేస్తుంది. ఏ2డీపీ అనే వేషంలో స్టీరియో సంగీతం వినిపిస్తుంది గాని, మైకు పనిచేయదు. హెచ్‌ఎఫ్‌పీ అనే వేషంలో మైకు పనిచేస్తుంది గాని, వినిపించేది ఒకే ఛానల్, అదీ సెకనుకు 8,000 లేదా 16,000 శాంపిళ్లతోనే. ఆట మైకును తెరవగానే వైర్‌ప్లంబర్ మీ మేలు కోరి వేషం మారుస్తుంది. ఈ పరిమితి లినక్స్ తెచ్చినది కాదు.

ల్యాప్‌టాప్ సొంత మైకుతో మాట్లాడటానికి మీకు అభ్యంతరం లేకపోతే, ఆ మార్పిడిని ఆపేయవచ్చు. మీ ఫెడోరాలో వైర్‌ప్లంబర్ 0.5 ఉంటుంది కనుక డబ్ల్యూపీసీటీఎల్ సెట్టింగ్స్ అనే ఆదేశానికి బ్లూటూత్ చుక్క ఆటోస్విచ్-టు-హెడ్‌సెట్-ప్రొఫైల్ అనే పేరు, ఫాల్స్ అనే విలువ ఇవ్వండి. మధ్యలో రెండు మైనస్‌లతో సేవ్ అని చేరిస్తే శాశ్వతంగా నిలుస్తుంది. మింట్ 22లో ఉన్నది అంతకు ముందు తరం వైర్‌ప్లంబర్ కనుక కోటగట్టు గారి యంత్రంలో ఈ ఆదేశం పనిచేయదు. నా మాట అడిగితే, నలుగురితో ఆడేటప్పుడు తీగ ఉన్న హెడ్‌సెట్టే మేలు. బ్లూటూత్‌లో తుపాకీ పేలిన దృశ్యానికీ చప్పుడుకూ మధ్య ఉండే ఆలస్యం ఎలాగూ పూర్తిగా పోదు.

పలాస జీడిపప్పు

ఆదేశం పనిచేసింది. ల్యాప్‌టాప్ మైకులో ఫ్యాను రొద కూడా వినిపిస్తోందని స్నేహితులు గోల చేస్తున్నారు, అది నేను చూసుకుంటాను. ధన్యవాదాలు.

కోటగట్టు

ధ్వనిమాపకం గారూ, పీడబ్ల్యూ-టాప్ చూశాను. క్వాంట్ వరుసలో 64 అని ఉంది. బ్రౌజర్ ఒక్కటే నడుస్తున్నప్పుడు కూడా 64. ఆటలో విమానాలు రాగానే ఈఆర్ఆర్ సంఖ్య నేను చూస్తుండగానే 40 దాటి 200 దాకా పరుగెత్తింది. స్టీమ్ గడిలో 60 పెట్టి చూస్తే కొంత తగ్గింది గాని పోలేదు. మీరు చెప్పిన ఫోర్స్-క్వాంటమ్ ఆదేశం ఇవ్వగానే, ఆట మధ్యలోనే, కుళాయి కట్టేసినట్టు చిటపట ఆగిపోయింది. సున్న పెడితే మళ్లీ మొదలైంది. ఆ 64 ఎక్కడి నుంచి వస్తోంది?

ధ్వనిమాపకం

ఎవరో కావాలని బిగించారు. దానంతట అది 64 దగ్గర కూర్చోదు. మీ హోమ్‌లో దాచిన ఫోల్డర్లను కంట్రోల్ హెచ్‌తో బయటికి తెచ్చి, చుక్క కాన్ఫిగ్ ఫోల్డరులో పైప్‌వైర్ అనే ఫోల్డరు, దానిలో పైప్‌వైర్ చుక్క కాన్ఫ్ చుక్క డీ అనే ఫోల్డరు ఉన్నాయేమో చూడండి. ఉంటే అందులోని ఫైలును తెరిచి చదవండి. మీరు ఎన్నిసార్లు మింట్ వేసినా ఇది చెక్కుచెదరకుండా ఉండిపోయి ఉంటుంది. చూస్తుంటే మీ మొదటి సమస్య కూడా హోమ్‌లోనే దాగినది. వైర్‌ప్లంబర్ జ్ఞాపకాలు చుక్క లోకల్, దానిలో స్టేట్, దానిలో వైర్‌ప్లంబర్ అనే ఫోల్డరులో ఉంటాయి.

కోటగట్టు

దొరికింది. ఫైలు పేరు వీణ చుక్క కాన్ఫ్. లోపల నాలుగే వరుసలు, గరిష్ఠ క్వాంటమ్ 64 అని ఉంది. పేరు చూడగానే ఎవరి పనో తెలిసిపోయింది. మా వదినది మీ బొబ్బిలే, చిన్నప్పటి నుంచి వీణ నేర్చుకుంది. కిందటి ఏడాది ఆమె వాయించినదాన్ని అన్నయ్య ఈ కంప్యూటర్‌లోనే రికార్డు చేశాడు. ఫోను చేసి అడిగితే, వాయించిన స్వరం హెడ్‌ఫోన్‌లో ఆలస్యంగా వినిపిస్తే వదిన లయ తప్పుతోందని, అందుకని తగ్గించాననీ, తిరిగి తీసేయడం మరిచాననీ చెప్పాడు. "అప్పుడు ఆటలు ఆడలేదు కదా, ఎలా తెలుస్తుంది" అని ఎదురు నన్నే అడిగాడు.

ఫైలును డెస్క్‌టాప్ మీదికి జరిపి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. ఇప్పుడు క్వాంట్ వరుసలో 1024 ఉంది. ఆట నడిచేటప్పుడు అది కొంత తగ్గుతోంది గాని 64కు పోవడం లేదు, ఈఆర్ఆర్ కదలడం లేదు. స్టీమ్ గడిలోని 60ను కూడా తీసేశాను, అవసరం పడలేదు.

ఇక ఇయర్‌ఫోన్‌లో జుమ్మనే శబ్దం ఒక్కటే మిగిలింది.

నాగావళి ఒడ్డు

దానిని ఈ రెండింటిలో కలపకండి. అది ఎప్పుడూ ఒకే స్వరంలో ఉంటే, ధ్వని స్థాయిని పూర్తిగా తగ్గించినా తగ్గకపోతే, సాఫ్ట్‌వేరును అనుమానించడం అనవసరం. మన కరెంటు 50 హెర్ట్‌జ్. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో ఆ జుమ్ము క్యాబినెట్ ద్వారా ముందు జాక్‌లోకి ఎక్కుతుంది. చెప్పులు లేకుండా గచ్చు మీద నిలబడి క్యాబినెట్‌కు రంగు లేని చోట తాకినప్పుడు ఎప్పుడైనా సన్నగా జిల్లుమనిపించిందా? పవర్ తీగ చివర ఉన్న మూడు పిన్నులలో లావు పిన్ను నిజంగా బోర్డులోకి వెళ్తోందా, లేక మధ్యలో రెండు పిన్నుల ఎడాప్టర్ ఏదైనా ఉందా చూడండి.

కోటగట్టు

జిల్లుమంటుందండీ. వర్షాకాలంలో మరీ ఎక్కువ. అది కంప్యూటర్లకు మామూలే అనుకున్నాను. టేబుల్ కింద వంగి చూస్తే, ఎక్స్‌టెన్షన్ బాక్సుది మూడు పిన్నుల ప్లగ్గే గాని, గోడలోని రంధ్రాలలో పట్టడం లేదని ఎవరో లావు పిన్నును కోసేశారు. తెగిన చోట ఇత్తడి ఇంకా మెరుస్తూనే ఉంది. ఇది మాత్రం అన్నయ్య పని కాదని ఒట్టు పెడుతున్నాడు.

నాగావళి ఒడ్డు

ఆ బాక్సును ఈ రోజే తీసేయండి. ఎర్త్ పిన్ను ఉన్న మంచి బాక్సు కొన్నాక కూడా, గోడ సాకెట్‌లోకి ఎర్త్ తీగ నిజంగా వచ్చిందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. మా ఊళ్లో పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది గాని, పై రంధ్రం వెనుక తీగే ఉండదు. జుమ్ము సంగతి అటుంచి, 230 వోల్టుల వ్యవహారం కనుక ఆటల శబ్దాల కంటే ఇది ముందు చేయవలసిన పని.

కోటగట్టు

ఎలక్ట్రీషియన్ వచ్చి చూశారు. మీరు అన్నట్టే సాకెట్ వెనుక ఎర్త్ తీగ లేదు. వంటగది బోర్డు వరకు వచ్చి ఆగిపోయింది. అక్కడి నుంచి లాగి కలిపారు. జిల్లుమనడం పూర్తిగా పోయింది. జుమ్ము పోయిందనే చెప్పాలి, అర్ధరాత్రి ఫ్యాను కూడా ఆపి చెవిపెట్టి వింటే ఇంకా కొద్దిగా ఉందేమోనని అనుమానం.

ఒక చిన్న సందేహం. సంక్రాంతికి వదిన మళ్లీ వీణ రికార్డు చేస్తానంటోంది. ఆ నాలుగు వరుసల ఫైలును అదే ఫోల్డరులో ఉంచి, అవసరమైనప్పుడు మాత్రమే పనిచేసేలా చేయవచ్చా?

ధ్వనిమాపకం

చేయవచ్చు. ఆ ఫోల్డరులో చుక్క కాన్ఫ్‌తో ముగిసే పేర్లను మాత్రమే పైప్‌వైర్ చదువుతుంది. ఫైలును తిరిగి పెట్టి, పేరు చివర చుక్క ఆఫ్ అని చేర్చితే పట్టించుకోదు. అయితే పేరు మార్చిన ప్రతిసారీ సర్వర్‌ను తిరిగి మొదలుపెట్టాలి. దాని కంటే, వదిన గారు కూర్చున్నప్పుడు ఫోర్స్-క్వాంటమ్ ఆదేశాన్ని 64తో ఇచ్చి, ఆమె లేచాక సున్నతో ఇవ్వడం సులువు. మరచిపోయినా కంప్యూటర్ ఆపితే అదే పోతుంది. 64 దగ్గర రికార్డింగులోనే చిటుకులు పడితే 128 పెట్టి చూడండి, 2.7 మిల్లీసెకన్ల ఆలస్యం చేతివేళ్లకు తెలియకపోవచ్చు.

పాతమదర్‌బోర్డు

నేను చెప్పినట్టు మింట్ 21కు వెళ్లి ఉంటే హెచ్‌డీఎంఐ సంగతి తేలేది కాదని ఇప్పుడు అర్థమైంది. పల్స్ఆడియో కూడా పరికరాన్ని అలాగే గుర్తుపెట్టుకుంటుంది మరి. నా మానిటర్ వెనుక కూడా అలాంటి రంధ్రం ఒకటి ఉందని ఈ చర్చ చదివాకే చూశాను.